రోరైమా కొండ మీద: నా అనుభవం

రోరైమా ఎక్కడానికి తాళ్లు, ఇనుప మేకులు అక్కర్లేదు. చుట్టూ నాలుగు వందల మీటర్ల ఎత్తున నిలువు గోడలున్న ఆ కొండకు ఒకే ఒక్క చోట, గోడను ఆనుకుని ఏటవాలుగా పైకి పోయే అడవి దారి ఉంది. 1884 డిసెంబరు 18న ఎవరార్డ్ ఇమ్ థర్న్, హ్యారీ పెర్కిన్స్ అనే ఇద్దరు ఆ దారినే పైకి చేరారు. ఇప్పుడు నడిచి వెళ్లే యాత్రికులందరికీ కూడా అదే దారి. వెనిజులా ఆగ్నేయ మూలన ఇలాంటి బల్లపరుపు కొండలు చాలా ఉన్నాయి. వాటిని తెపుయ్‌లు అంటారు. వాటిలో ఎక్కువభాగం మీదికి మామూలు మనిషి నడిచి వెళ్లలేడు, హెలికాప్టర్ కావాల్సిందే. నాలాంటి వాళ్లు కాళ్లను నమ్ముకుని వెళ్లగలిగే కొద్దివాటిలో రోరైమా ఒకటి.

నాది తిరుపతి. డిగ్రీ కాలేజీలో బాటనీ చెబుతాను. కీటకాహార మొక్కల పాఠం వచ్చినప్పుడల్లా నెపెంథిస్ పక్కన హెలియాంఫోరా బొమ్మ కూడా గీసి, ఇది దక్షిణ అమెరికాలో కొండల మీద మాత్రమే ఉంటుందని చెప్పేదాన్ని. శాస్త్రవేత్తలు ఆ జాతికి మొట్టమొదట పేరు పెట్టింది 1840లో, రోరైమా నుంచి తెచ్చిన మొక్కను చూసే. దాన్ని అది పుట్టిన చోటే చూడాలని ఎప్పటినుంచో కోరిక. మా తమ్ముడికి బ్రెజిల్‌లో ఉద్యోగం వచ్చి సావో పాలో వెళ్లాక, “అక్కా, ఇక్కడిదాకా వస్తే చాలు, మిగతాది నేను చూసుకుంటా” అన్నాడు.

కాగితాల పని నడక కంటే ముందే మొదలవుతుంది. మన పాస్‌పోర్టుకు బ్రెజిల్ వీసా, వెనిజులా వీసా రెండూ కావాలి. కొండ వెనిజులాలోనే ఉన్నా, దేశమంతా దాటుకుని కరాకస్ నుంచి రావడం కంటే బ్రెజిల్‌లోని బోవా విస్తాకు విమానంలో వచ్చి, అక్కడి నుంచి రోడ్డు మీద రెండు వందల కిలోమీటర్లు పైగా వెళ్లి, పకరైమా దగ్గర సరిహద్దు దాటడం మాకు దగ్గర దారి. ఇంకొకటి ఎల్లో ఫీవర్ టీకా. బయల్దేరడానికి కనీసం పది రోజుల ముందే వేయించుకోవాలి. నేను హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేయించుకున్నాను. ఆ పసుపు పచ్చ కార్డు మన దేశానికి తిరిగి వచ్చేటప్పుడే ఎక్కువ అవసరం. అది లేకుండా ఆ దేశాల నుంచి దిగితే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెడతారు. నా టెన్షన్ అంతా కొండ గురించి కాక ఈ కార్డు ఎక్కడ పోగొట్టుకుంటానో అనే. పాస్‌పోర్టు కవర్లోనే కుట్టేసుకున్నంత పని చేశాను.

శరీరాన్ని సిద్ధం చేసుకోవడానికి మా ఊళ్లో అలిపిరి మెట్లున్నాయి. మూడు వేల అయిదు వందల పైచిలుకు మెట్లు. సంచిలో నీళ్ల సీసాలు వేసుకుని ఎక్కేదాన్ని. అందరూ బస్సులో కిందికి వస్తారు కదా, నేను దిగడం కూడా మెట్ల మీదే దిగాను. ఇది మాత్రం గట్టిగా చెబుతాను. రోరైమాలో మోకాళ్లను పరీక్షించేది దిగుడే. ఎక్కే రోజు కొండ ఊపిరిని అడుగుతుంది, దిగే రోజు మోకాలి చిప్పల్ని అడుగుతుంది.

సరిహద్దు దాటగానే వచ్చే ఊరు సాంతా ఎలేనా దె ఉవైరెన్. అక్కడ సొంత కరెన్సీ బొలివార్ కంటే డాలర్లు, బ్రెజిల్ రియాల్‌లే ఎక్కువ చెల్లుతున్నాయి. కూరగాయల బండి దగ్గర కూడా రియాల్‌లలోనే ధర చెప్పారు. గైడ్ లేకుండా రోరైమాకు వెళ్లనివ్వరు. గైడ్లు, వంటవాళ్లు, మోసేవాళ్లు అంతా ఆ నేల మీది ఆదివాసులైన పెమోన్లు. సాంతా ఎలేనా నుంచి ఉత్తరంగా జీపులో వెళ్తే శాన్ ఫ్రాన్సిస్కో దె యురువానీ అనే ఊరు వస్తుంది. పెమోన్లు దాన్ని కుమరకపాయ్ అంటారు. 2019 ఫిబ్రవరిలో సైనికులు ఇక్కడ కాల్పులు జరిపి పెమోన్ల ప్రాణాలు తీశారు. ఆ రోజుల్లో ఎన్నో కుటుంబాలు సరిహద్దు దాటి బ్రెజిల్ వెళ్లిపోయాయి. మా జట్టులో వంట చేసినామె కూడా అలా వెళ్లి, తిరిగి వచ్చిన మనిషి. ఆ సంగతి ఆమె రెండు ముక్కల్లో చెప్పి గిన్నెలు సర్దుకోవడంలో పడిపోయింది. మేమూ ఇంకేమీ అడగలేదు.

ఆ ఊరి నుంచి మట్టి రోడ్డు మీద ఎగురుకుంటూ పరైతెపుయ్ చేరితే అక్కడితో జీపు పని అయిపోతుంది. పేర్లు రాయించుకోవాలి, బరువులు సర్దుకోవాలి. మోసేవాళ్లు వీపుకు గ్వయారే తగిలించుకుంటారు. అది నారతో అల్లిన, వెనక్కి తెరుచుకుని ఉండే బుట్ట. గుడారాలు, గ్యాస్ సిలిండరు, బియ్యం, ఉల్లిపాయలు అన్నీ అందులోనే కట్టేస్తారు. వాళ్లలో కొందరు రబ్బరు చెప్పులతోనే నడిచారు. నా కాళ్లకు మాత్రం ఖరీదైన ట్రెక్కింగ్ బూట్లు. మొదటి గంటలోనే వాళ్లు కనుచూపు దాటిపోయారు.

మొదటి రోజు నడక గ్రాన్ సబానా అనే గడ్డి మైదానం మీద. పేరుకు అడవి కొండల యాత్రే గానీ ఆ రోజంతా చెట్టు నీడ దొరకదు. గడ్డి, ఎర్రమట్టి, ఎండ. ఎదురుగా మాత్రం రెండు కొండలు పక్కపక్కన నిలబడి ఉంటాయి, ఎడమవైపు కుకెనాన్, కుడివైపు రోరైమా. ఎంత నడిచినా దగ్గరికి వచ్చినట్టు అనిపించవు. మధ్యాహ్నానికి మబ్బులు వచ్చి రెండింటినీ కప్పేశాయి. సుమారు పన్నెండు కిలోమీటర్ల తర్వాత తెక్ నది ఒడ్డున మొదటి మకాం. అక్కడి పురి పురి గురించి చెప్పాలి. నలుసంత ఉండే కుట్టుడు ఈగలు. కుట్టినప్పుడు తెలియదు. రాత్రి నిద్రలో దురద మొదలై వారం దాకా వదలదు. నిండు చేతుల చొక్కా, పొడుగు సాక్సులు వేసుకుంటే సగం బాధ తప్పుతుంది.

ఆ రాత్రి వంటామె కుమాచి తెచ్చి పెట్టింది. కర్రపెండలం రసాన్ని గంటల తరబడి కాచి, విషం పోగొట్టి, మిరపకాయలు కలిపి చేసే కారం అది. చీమలు వేసి చేసేదీ ఉంది, వేయకుండా చేసేదీ ఉంది. నేను శాకాహారినని తమ్ముడు ముందే చెప్పడంతో చీమలు లేనిది వేరే సీసాలో తెచ్చింది. మన పెద్దాపురం, సామర్లకోట వైపు సగ్గుబియ్యం చేసే కర్రపెండలమే ఇది. అసలు పుట్టిల్లు దక్షిణ అమెరికా. తమ్ముడు సంచిలోంచి ఆవకాయ సీసా తీశాడు. ఆమె వేలితో రుచి చూసి, మళ్లీ కొంచెం వేయించుకుని, అందులో ఏమేం కలిపారో ఒక్కొక్కటే అడిగింది. తమ్ముడి పోర్చుగీసు, ఆమె స్పానిషు కలిసి ఆవపిండి దాకా వచ్చి ఆగిపోయాయి.

భోజనాలయ్యాక మా గైడ్ వజకా చెట్టు కథ చెప్పాడు. ఒకప్పుడు లోకంలోని పళ్లన్నీ ఒకే చెట్టుకు కాసేవట. మకునైమా, అతని అన్నదమ్ములు ఆ చెట్టును కనిపెట్టి నరికేశారు. కూలిన చెట్టు మొదలు నుంచి నీళ్లు పొంగి నేలంతా వరద ముంచింది. మిగిలిన మొద్దే ఎదురుగా కనిపిస్తున్న రోరైమా. ఇది కథే. కానీ నీళ్ల సంగతి అక్షరాలా నిజం. రోరైమా నెత్తిన కురిసిన వాన మూడు వైపులా పోతుంది. వెనిజులా వైపు జారింది ఒరినోకోలో, బ్రెజిల్ వైపు జారింది అమెజాన్‌లో, గయానా వైపు జారింది ఎసెకీబోలో కలుస్తుంది.

మర్నాడు తెక్‌నీ ఆ తర్వాత కుకెనాన్ నదినీ దాటాలి. నీళ్లు డికాషన్ రంగులో ఉంటాయి, కుళ్లిన ఆకుల నుంచి దిగే టానిన్ వల్ల. తాగడానికి మాత్రం బాగుంటాయి, మేం శుద్ధి మాత్రలు వేసుకునే తాగాం. నది దాటేటప్పుడు బూట్లు విప్పి సాక్సులతో దిగమన్నారు. పాచి పట్టిన రాళ్ల మీద ఉత్త కాళ్ల కంటే సాక్సులకే పట్టు దొరుకుతుంది. కొండ మీద వాన పడితే ఈ నది ఉన్నట్టుండి లేస్తుంది. అప్పుడు ఒడ్డున కూర్చుని తగ్గేదాకా ఎదురు చూడడమే. మా అదృష్టం, నడుము కిందే ఉంది. అక్కడి నుంచి బేస్ క్యాంపు దాకా ఎండలో ఎక్కుడు. బేస్ క్యాంపు సుమారు 1,870 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడ గుడారం తలుపు తీస్తే ఎదురుగా కొండ గోడే, ఆకాశం కోసం తల వెనక్కి వంచాలి.

ర్యాంపు, అంటే గోడను ఆనుకుని పోయే ఆ ఏటవాలు దారి, ఎక్కే రోజు మొదటి గంటలోనే గడ్డి మైదానం మాయమై మబ్బు అడవి వచ్చింది. నాచు పట్టని కొమ్మ లేదు. ఆర్కిడ్లు, ఫెర్న్‌లు, బ్రొమీలియాడ్లు ఒకదాని మీద ఒకటి. వేళ్లు పట్టుకుని, బురదలో మోకాళ్లు ఆనించి ఎక్కాలి. ఒకచోట దారి నేరుగా గోడ దగ్గరికి తీసుకెళ్తుంది. అరచేయి పెట్టి నిలబడ్డాను. రాయి చల్లగా, తడిగా, గరుకుగా ఉంది. నాకు ఆ గరుకు కొత్త కాదు. తిరుమల కొండలూ ఇసుక గట్టిపడి ఏర్పడిన క్వార్ట్‌జైటు రాయే, శిలాతోరణమూ అదే రాయి. మా ఘాట్ రోడ్డులో కింద గ్రానైటు, దాని మీద క్వార్ట్‌జైటు కలిసే గీత దగ్గర భూవిజ్ఞాన సర్వే వాళ్లు బోర్డు కూడా పెట్టారు. రోరైమా రాయి 170 కోట్ల ఏళ్లకు పైబడిన ఇసుక. ఏదో పాత నీటి ఒడ్డున అలలు గీసిన చారలు ఇప్పటికీ ఆ రాతిలో ఉన్నాయి. ఆ ఇసుక పేరుకున్న కాలానికి నేల మీద మొక్కా లేదు, పురుగూ లేదు. ఆ గోడ దగ్గర నేను ఎంతసేపు ఉన్నానో, తమ్ముడు పైనుంచి “అక్కా, రావే” అని రెండుసార్లు కేక వేశాడు.

చివరి మలుపులో పాసో దె లాస్ లాగ్రిమాస్, కన్నీళ్ల దారి. పైనుంచి జలపాతం తెరలుగా దారి మీదే పడుతుంది. వాన లేని రోజుల్లో అది చినుకు. మేం వెళ్లినప్పుడు మాత్రం తల మీద కుండపోత. కింద కదిలే రాళ్లు. ఒక్కొక్కరే వెళ్లాలి, ఆగకూడదు, పైకి చూడకూడదు. మా మోసేవాళ్లలో ఒకతను తన బుట్ట పైన దించి మళ్లీ కిందికి వచ్చి నా చేయి పట్టుకున్నాడు. చేయి వదిలే దాకా ఒక్క మాట కూడా మాట్లాడలేదు. పైకి చేరాక “బ్వేనో” అని నవ్వి వెళ్లిపోయాడు.

పైన ఏముంటుందని నన్ను చాలామంది అడిగారు. శిఖరం లాంటిది ఒక్కటి ఉండి, అక్కడికి చేరి ఫొటో దిగి వచ్చే కొండ కాదు ఇది. ముప్పై చదరపు కిలోమీటర్ల పైచిలుకు రాతి పీఠభూమి. అన్నింటికంటే ఎత్తైన మావెరిక్ రాయి 2,810 మీటర్లు. గుడారాలు వేసే చోట్లను హోటళ్లు అంటారు. అంటే రాతి చూరు కింద వాన తగలని ఇసుక గచ్చు, అంతే. పేర్లు మాత్రం ఘనంగా ఉంటాయి, హోటల్ ఇందియో, హోటల్ సుక్రే అని. రాళ్లన్నీ నల్లగా, గాలి వాన చెక్కిన వింత ఆకారాల్లో ఉంటాయి. ఆ నలుపు రాతిది కాదు, పైన పూతలా బతికే సయనోబాక్టీరియా అనే సూక్ష్మజీవులది. విరిగిన చోట లోపల గులాబీ రంగు కనిపిస్తుంది. నడిచే దారి కూడా అలాగే తెలుస్తుంది. ఏళ్ల తరబడి బూట్లు తొక్కిన చోట నలుపు చెరిగి, లేత గులాబీ గీత ఒకటి రాళ్ల మీదుగా పోతూ ఉంటుంది. గైడ్ ఆ గీత దాటి ఒక్క అడుగు వేయనివ్వలేదు. బాటనీ చదివినదాన్ని కాబట్టి ఎందుకో నాకు వివరించి చెప్పాల్సిన పని లేకపోయింది. మనం ఒక్కసారి తొక్కితే ఆ పూత మళ్లీ రావడానికి ఎన్నేళ్లు పడుతుందో ఊహించుకోండి.

ఇక మొక్కలు. క్వార్ట్‌జ్ ఇసుకలో మొక్కకు తిండి అంటూ ఏమీ ఉండదు. ఉన్న కాస్త ఖనిజాన్ని కూడా రోజూ పడే వాన కడిగి గోడల మీదుగా కిందికి పారబోస్తుంది. అందుకే ఇక్కడి మొక్కలు తిండి కోసం పురుగుల మీద పడ్డాయి. మొదటి హెలియాంఫోరా నాకు మకాం నుంచి కొద్ది దూరంలోనే, ఒక గుంట అంచున, గుత్తిగా కనిపించింది. పుస్తకంలో చూసి నేను గీసిన బొమ్మ కంటే చాలా పొట్టిది. ఆకులే చుట్టుకుని గొట్టాలయ్యాయి, ఎర్రటి అంచులు, కొసన ఎర్రటి చెంచా లాంటి చిన్న భాగం. దాని మీది తేనె కోసం వచ్చిన పురుగు లోపలికి జారుతుంది. గొట్టానికి ముందువైపు చిన్న చీలిక ఉంటుంది. వాన ఎక్కువైతే అదనపు నీళ్లు దానిగుండా పోతాయి, పట్టుకున్న పురుగు మిగులుతుంది. ఇన్నేళ్లు పాఠంలో చెప్పిన ఆ సంగతి, వాన పడుతుండగా కళ్ల ముందే జరిగింది. వంగి చూస్తూ తడిసి ముద్దయ్యాను, అక్కడి నుంచి లేవబుద్ధి కాలేదు.

దాని పక్కనే డ్రోసెరా, రాయి మీద ఎర్రటి జిగురు చుక్కలుగా. మన దగ్గర కూడా వానాకాలం చెమ్మ నేలల్లో డ్రోసెరా జాతులు కనిపిస్తాయి. ఇక్కడిది రోరైమా పేరే పెట్టుకుంది, డ్రోసెరా రోరైమే. గుంటల్లో యుట్రిక్యులేరియా. అంటే గజం నేలలో మూడు రకాల వేటగాళ్లు. వాటి మధ్య నల్లటి కప్ప ఒకటి, బొటనవేలి గోరు కంటే కాస్త పెద్దది, ఓరియోఫ్రైనెల్లా క్వెల్చీ. అది గెంతలేదు. ఒక్కో కాలూ ఎత్తి వేసుకుంటూ రాయి మీద నడిచిపోతుంది. పక్కనున్న కుకెనాన్ మీద దీని దగ్గరి బంధువు ఉంది. దానికి భయం వేస్తే ముడుచుకుని ఉండలా దొర్లి పారిపోతుంది. రెండు కొండల మధ్య పగటిపూట కళ్లకు అందేంత దూరమే. అయినా రెండింటి మీదా వేర్వేరు జాతులు. ఈ గోడలు కింది నుంచి మనుషుల్నే కాదు, కప్పల్నీ ఆపాయి.

వజ్రాల్లా మెరిసే స్ఫటికాల లోయ కూడా చూశాం. నేలంతా క్వార్ట్‌జ్ స్ఫటికాలే. ముందు వచ్చినవాళ్లు జేబుల్లో వేసుకుపోగా మిగిలినవి. అక్కడి నుంచి మూడు దేశాలు కలిసే చోట నిలబెట్టిన తెల్ల స్తంభం దాకా నడిచి, తమ్ముడు ఉద్యోగం చేసుకునే దేశంలో కాసేపు కూర్చుని బిస్కెట్లు తిన్నాం. లా వెంతానా అనే అంచు దగ్గర మబ్బు విడిపోతే ఎదురుగా కుకెనాన్ గోడ, కింద అడవి. నా వరకు ఆ చూపు కంటే హెలియాంఫోరా గుంట దగ్గర గడిపిన సమయమే ఎక్కువ విలువైంది. పైకి వచ్చేవాళ్లు ఎక్కువమంది అంచుల దగ్గరే కనిపించారు. కిందికి వంగి చూసేవాళ్లు తక్కువ.

మాట్లాడడానికి చాలామంది మొహమాటపడే విషయం ఒకటుంది. పైన మరుగుదొడ్డి ఉండదు. నేలలో పాతిపెట్టడానికీ వీల్లేదు, నేలే లేదు కదా. చిన్న గుడారంలో కుర్చీ లాంటిది పెట్టి, సంచిలో సున్నం పొడి వేసి, ఆ సంచి ముడి కట్టి గొట్టంలో పెట్టి కిందికి మోసుకువస్తారు. ప్రతి జట్టులోనూ దాన్ని మోసే మనిషి ఒకరుంటారు. మా జట్టులో కుర్రవాడు, పరైతెపుయ్ వాడే. వాన నీళ్లకు తిండి కరువైన ఈ రాతి మీద మన మలం పడితే గుంటల్లో నీళ్ల స్వభావమే మారిపోతుంది, కీటకాలు తిని బతికే మొక్కల చోట వేరే మొక్కలు వచ్చేస్తాయి. ఆ కుర్రవాడు మోసేది నేను చూడాలనుకుని వచ్చిన మొక్కల ప్రాణమే. యాత్ర ఫొటోల్లో ఎక్కడా అతనుండడు. మా గ్రూప్ ఫొటోలో అతన్ని మధ్యలో నిలబెట్టాం.

దిగుడు గురించి ముందే చెప్పాను, మళ్లీ చెప్పను. ఒకే రోజు పైనుంచి తెక్ నది దాకా వచ్చేస్తారు, సాయంత్రానికి మెట్ల సాధన విలువ తెలిసింది. మర్నాడు పరైతెపుయ్‌లో సంచులన్నీ విప్పి వెతుకుతారు. స్ఫటికం ముక్క ఒక్కటి దొరికినా జరిమానా. ఎండిన ఆకు కూడా తేకూడదు. మా ముందు జట్టులో ఒకాయన సాక్సులు కూడా విప్పి చూపించాల్సి వచ్చింది. ఆయన విసుక్కున్నాడు గానీ, నాకైతే ఇంకా గట్టిగా వెతికినా ఫరవాలేదనిపించింది.

వెళ్లాలనుకునేవాళ్లకు. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా వాన తక్కువ, లేకుండా మాత్రం ఉండదు. నిద్రసంచిని, ఒక జత పొడి బట్టల్ని ప్లాస్టిక్ సంచిలో కట్టండి, రాత్రిళ్లు పైన చలి ఎముకల్లోకి పోతుంది. మామూలుగా ఆరు రోజుల ప్యాకేజీ అమ్ముతారు. వీలైతే పైన ఒక రాత్రి ఎక్కువ ఉండేలా మాట్లాడుకోండి. వెనిజులాలో పరిస్థితులూ సరిహద్దు నిబంధనలూ మారుతూ ఉంటాయి, టికెట్లు కొనే ముందు కనుక్కోండి. గైడ్‌నూ మోసేవాళ్లనూ ఆ ఊళ్ల పెమోన్ల నుంచే పెట్టుకోండి. మీ సంచి బరువు మోయలేమనిపిస్తే వాళ్ల బుట్టలో కుక్కకుండా ఇంకో మనిషిని అడగండి, ఒక ఇంటికి పని దొరుకుతుంది. చివర్లో ఇచ్చే డబ్బు ఎవరిది వాళ్ల చేతికే ఇవ్వండి, సున్నం సంచి మోసిన మనిషికి అందరికంటే ఎక్కువ. చిన్న నోట్లు తీసుకెళ్లండి, పెద్ద నోటుకు పరైతెపుయ్‌లో చిల్లర పుట్టదు.